ల్యాబు చర్మంలో రక్తనాళాల వల తెగిపోతోంది, కారణం ఏమిటి?

ప్రశ్న: నమస్కారమండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు చర్మ నమూనా పెంచుతున్నాను. ఎలుక తోక నుంచి తీసిన కొల్లాజెన్ (చర్మానికి పట్టునిచ్చే ప్రోటీన్) జెల్‌లో ఫైబ్రోబ్లాస్టులు (కొల్లాజెన్ తయారుచేసే కణాలు), ఎండోథీలియల్ కణాలు (రక్తనాళాల లోపలి గోడ కట్టే కణాలు) కలిపి 2 మిల్లీమీటర్ల మందాన పోస్తున్నాను. నాలుగో రోజుకు ముచ్చటైన వల అల్లుకుంటుంది, పదో రోజుకు ముక్కలైపోతుంది. జెల్ నడిమి కణాలూ చనిపోతున్నాయి. ఎక్కడ పొరపాటు?

జవాబు: ముందు మందం తగ్గించండి. కణాలు నిండిన జెల్‌లో ఆక్సిజన్ 100–200 మైక్రాన్లకు (0.1–0.2 మిల్లీమీటర్లకు) మించి సరిగా చేరదు. శరీరంలోనూ అంతే, కేశనాళికకు అంతకన్నా దూరంగా బతికే కణాలు తక్కువ. మీ వల చూడ్డానికి ఎంత బాగున్నా అందులో ఏదీ ప్రవహించడం లేదు కదా, నడుమ ఉన్నవాటికి ఊపిరి ఎలా అందుతుంది?

ఇక తెగిపోవడం. ఎండోథీలియల్ కణాలు గొట్టం కట్టడం వరకే చేస్తాయి. దాన్ని బయటి నుంచి చుట్టి నిలబెట్టేవి పెరిసైట్లు. 2019లో అమెరికాలోని రెన్సలేర్ పాలిటెక్నిక్ విద్యాసంస్థలో పరిశోధకుడు పంకజ్ కరాండే బృందం, యేల్ విశ్వవిద్యాలయం వారితో కలిసి, సరిగ్గా ఈ పనే చేసింది: బొడ్డుతాడు రక్తం నుంచి ఎండోథీలియల్ కణాలు, మాయ (ప్లాసెంటా) నుంచి పెరిసైట్లు, వాటితో ఫైబ్రోబ్లాస్టులు కలిపి కొల్లాజెన్‌లో 3డీ ప్రింటర్‌తో ముద్రించి, పైన కెరాటినోసైట్ల (చర్మం పై పొర కణాల) పొర వేశారు. రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు అతికిస్తే ఆ నాళాలు ఎలుక నాళాలతో కలిశాయి, నాలుగు వారాలకు రక్తం పారింది. అమెరికాలో 1998లోనే కాలి పుండ్లకు అనుమతి పొందిన ఆప్లిగ్రాఫ్ అనే ల్యాబు చర్మంలో ఈ నాళాలే లేవు.

ప్రశ్న: పెరిసైట్లు మా దగ్గర లేవండి. ఫైబ్రోబ్లాస్టుల సంఖ్య పెంచితే సరిపోదా?

జవాబు: పెంచితే జెల్‌ను లాగి ముడతలు పడేలా కుదించేస్తాయి, నేను ఒకసారి అలా చేతులు కాల్చుకున్నాను. ఎముక మజ్జ లేదా కొవ్వు నుంచి తీసిన మెసెన్‌కైమల్ మూలకణాలు చాలావరకు పెరిసైట్ల పని చేస్తాయి, వాటితో ప్రయత్నించండి. కెరాటినోసైట్లు వేసేటప్పుడు మాత్రం తొందరపడకండి. ఎండోథీలియల్ కణాలను పెంచే పోషక ద్రవం (మీడియా) వాటికి పడదు. ముందు వల అల్లుకోనిచ్చి, తరువాత పై పొర వేసి, అది ద్రవంలో మునగకుండా గాలికి తగిలేలా ఎత్తండి.

మరొకటి. పైనుంచి చూసి మురిసిపోకండి. అడ్డంగా కోసి, ఎండోథీలియల్ కణాలను గుర్తుపట్టించే సీడీ 31 రంగు వేయండి. లోపల బోలు కనిపిస్తేనే అది నాళం, లేకపోతే ఒట్టి తీగ. మీరు నాలుగో రోజు చూసింది ఏదో నాకూ తెలుసుకోవాలని ఉంది. ఆ కోత ఫోటో పెట్టండి.