ప్రోలాగ్ చేత ‘తెలియదు’ అనిపించడం ఎలా?

నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ప్రోలాగ్ అనే భాషలో (రూల్స్ ఇస్తే వాటినుంచి జవాబు రాబట్టే ప్రోగ్రామింగ్ భాష) ఒక ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఎస్‌డబ్ల్యూఐ-ప్రోలాగ్ 9 వాడుతున్నాను. ‘మా ఊరివాళ్లకు మామూలుగా తెలుగు, ఒడియా రెండూ వస్తాయి, కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లకు తప్ప’ అని రూల్ రాశాను. ఊరివాళ్ల విషయంలో జవాబు సరిగ్గానే వస్తోంది. ఏ ఊరో చెప్పని మనిషి గురించి అడిగితే మాత్రం ‘ఫాల్స్’ (అబద్ధం) అంటోంది. రుజువు కానిదాన్ని అబద్ధంగా లెక్కేస్తుందని తెలుసు, 1978లో కీత్ క్లార్క్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త వివరించిన పద్ధతే అది. కానీ మనుషులు అలా ఆలోచించరు కదా, ‘తెలియదు’ అంటారు. నాకు కావాల్సింది అదే.

‘వచ్చు’, ‘రాదు’ అని రెండు ప్రెడికేట్లు (నిజమో కాదో ప్రోలాగ్ తేల్చే సంబంధాలు) పెట్టి, ఒకటి రుజువు కాకపోతే రెండోది అని \+ గుర్తుతో రాశాను. అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటూ 1.0 జీబీ స్టాక్ లిమిట్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడుకోగల మెమరీ హద్దు) దాటేశాయి. లిమిట్ రెట్టింపు చేసినా అదే ఎర్రర్. రూల్స్ వరస మార్చినా అంతే.

ప్రోలాగ్‌లోనే ‘తెలియదు’ అనే మూడో జవాబు రావాలంటే ఈ రెండు రూల్స్ ఎలా రాయాలి?