‘యుద్ధావనిన్ లేరు’: ఈ ‘లేరు’ ఏ కాలానిది?

శంకాగ్రస్తుడు: 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గరి బైసరన్ పచ్చికబయలులో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపిన నాటి నుంచి, పోతన భాగవతంలో, నిద్రపోతున్న తన కొడుకులను చంపిన అశ్వత్థామను ద్రౌపది నిలదీసే పద్యం నన్ను వదలడం లేదు. ‘ఉద్రేకంబున రారు, శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు’ అన్నది నోటికి వస్తుంది గాని, చివరి పాదం ‘నిద్రాసక్తుల’ అనా, ‘నిద్రాసుప్తుల’ అనా తేలడం లేదు. గణాలకు రెండూ సరిపోతున్నాయి.

ఛందోప్రియ: ‘సక్తుల’ అనే. నిద్ర, సుప్తి ఒకటే గనుక రెండవది పునరుక్తి. అసలు చిక్కు ‘లేరు’లో ఉంది. భారతయుద్ధంలో పోరాడిన ఆ కొడుకులను, అంటే ఉపపాండవులను, యుద్ధభూమిలో లేరనడం ఎలా పొసగుతుంది? ‘ఆ వేళకు లేరు’ అని చెప్పుకోవలసిందే.

విశ్రాంతపంతులు: అలాగైతే ‘పిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్’ అని మళ్ళీ అనడం దేనికి? వారికి యుద్ధమే తెలియదని తల్లి అంటున్నది. అశ్వత్థామ తల్లి కృపి కూడా తనలాగే ఏడుస్తుందని తలచి, కొడుకులను చంపినవాడిని విడిచిపెట్టమనే ఈ ద్రౌపదిని తిక్కన సౌప్తికపర్వంలో వెతికితే దొరకదు. ఆమె భాగవతం సొత్తు.

ఛందోప్రియ: తిక్కన మీద ఈ చిన్నచూపు అనవసరం. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ కూడా, పోరులో నేరుగా పాల్గొంటున్నంతసేపే పౌరులు రక్షణ కోల్పోతారని 51వ అధికరణంలో అంటుంది. అదీ ‘ఆ వేళకు’ అన్న అర్థమే కదా.

విశ్రాంతపంతులు: ఆ ప్రోటోకాల్‌లో భారత్ చేరనే లేదు. చేరినా, దాని ప్రకారం నిద్రపోతున్న సైనికుడు సైనికుడే. లొంగిపోయినప్పుడో, శత్రువు చేతికి చిక్కినప్పుడో, గాయంతోనో జబ్బుతోనో చేష్టలుడిగినప్పుడో మాత్రమే 41వ అధికరణం అతన్ని కాపాడుతుంది. కాబట్టి మీ అర్థం తీసుకుంటే అశ్వత్థామ తప్పించుకుంటాడు. బైసరన్‌లో చనిపోయినవారిలో పర్యాటకులను గుర్రాలపై తిప్పి బతికే స్థానికుడు ఒకడున్నాడు; అతనికి సరిపడేది ‘ఎన్నడూ లేరు’ అనే నా అర్థమే.

శంకాగ్రస్తుడు: పద్యంలోని ‘చీకటిన్’ మాట మరిచారు. 2003 మార్చి 23 రాత్రి నదిమార్గ్‌లో సైనిక దుస్తుల్లో వచ్చినవారు స్త్రీలు, పిల్లలు సహా 24 మంది కశ్మీరీ పండితులను చంపారు. అక్కడ ఈ పద్యం అక్షరాలా వర్తిస్తుంది. బైసరన్‌లో పట్టపగలు.

ఛందోప్రియ: పగలైనా ‘నీ చేతులెట్లాడెనో’ మిగిలే ఉంటుంది.

శంకాగ్రస్తుడు: నిజమే. అయితే పంతులుగారూ, మీరు ‘పిన్నపాపల’ అన్నారు. నేను బడిలో ‘చిన్నపాపల’ అని నేర్చుకున్నాను. అక్కడ యతి లేదు గనుక యతితోనూ తేల్చలేము. మీ ప్రతి ఏ ముద్రణ?