లాంగ్‌డాక్ వైట్ వైన్‌లో ఇన్ని రకాల ద్రాక్షలెందుకు?

మోంపెలియే_కొత్త:
ఆఫీసులో ఒకావిడ వైట్ వైన్ సీసా ఇచ్చారు. ముందు లేబుల్ మీద లాంగ్‌డాక్ అని, అంటే ఈ దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతం పేరు, ఉంది. వెనక చూస్తే గ్రెనాష్ బ్లాన్, రూసాన్, వెర్మెంటినో అని మూడు ద్రాక్షల పేర్లున్నాయి. షార్డొనే లాంటివి ఒకటే పేరుతో వస్తాయి కదా? ఏదీ సరిగ్గా పండక అన్నీ కలిపేశారా? శనివారం చేపతో పెడదామనుకుంటున్నా.

తోటపని_నార్బాన్:
పండకపోవడం కాదండీ, మరీ పండిపోవడమే ఇక్కడి సమస్య. ఎండకి కాయలో చక్కెర పెరుగుతుంది, పులుపు పడిపోతుంది. ఆ చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది. గ్రెనాష్ బ్లాన్ ఒక్కదాన్నే చేస్తే 14 శాతం దాకా తేలిగ్గా వెళ్తుంది. నోటికి నిండుగా ఉంటుంది గానీ చురుకుదనం ఉండదు. ఆ చురుకు, చివర్లో కాస్త చేదు వెర్మెంటినో ఇస్తుంది. రూసాన్‌ని వాసన కోసం వేస్తారు. దానికి బూడిద తెగులు ఊరికే పడుతుంది, పంటా తక్కువే. అయినా వదులుకోరు. మా నార్బాన్ దగ్గర లా క్లాప్ కొండల్లో బుర్‌బులాన్ అనే ద్రాక్షదే పెద్ద పీట. ఆలస్యంగా పండుతుంది, ఎండలోనూ పులుపు నిలుపుకుంటుంది. ఆ కొండలు రోమన్ల కాలంలో దీవి! ఓడ్ నది మేట వేసి నేలకి కలిపేసింది.

ఒకటే ద్రాక్ష పేరుతో వచ్చే సీసాలు ఇక్కడ ఎక్కువగా పేయి దాక్ అనే ప్రాంతీయ లేబుల్ కింద వస్తాయి. అదీ మంచిదే, నాకు మాత్రం కలిపినవే ఇష్టం.

ఆల్చిప్పల_ప్రియుడు:
కలిపితేనే గొప్ప అంటే ఒప్పుకోను. పిక్‌పూల్ ద పినే అనే ఇక్కడి వైట్ వైన్‌ని పిక్‌పూల్ అనే ఒకే ద్రాక్షతో చేస్తారు. థో సరస్సు ఆల్చిప్పలతో అదే తాగాలి.

తోటపని_నార్బాన్:
పిక్‌పూల్‌కి పులుపు సహజంగానే ఎక్కువ, తోడు అక్కర్లేదు. గ్రెనాష్‌కి ఆ అదృష్టం లేదు, అంతే.

ఇక చేప సంగతి. ఆలివ్ నూనె, సోంపు ఆకుతో కాల్చిన చేపకి ఈ సీసా బాగా కుదురుతుంది. నిమ్మరసం దండిగా పిండితే మాత్రం వైన్ చప్పబడిపోతుంది, ఆ వంటకైతే పిక్‌పూల్ కొనండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోయకండి. 10-12 డిగ్రీల దగ్గరే రూసాన్ వాసన తెలుస్తుంది.

మోంపెలియే_కొత్త:
నిమ్మకాయ తగ్గిస్తాను. మిగిలితే ఎన్నాళ్లుంటుంది?

తోటపని_నార్బాన్:
మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు.