డబుల్ అయోర్టిక్ ఆర్చ్: ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, పాప పెరిగేదాకా ఆగాలా?

పాప అమ్మ, కరీంనగర్:
మా పాపకు పద్నాలుగు నెలలు. రెండో నెల నుంచే పిల్లికూతలు. ఆస్తమా అన్నారు, ఏడాదిగా నెబ్యులైజర్ పెడుతూనే ఉన్నాం. జలుబు చేస్తే కుక్క మొరిగినట్టు దగ్గుతుంది. మెత్తటి అన్నం తింటుంది కానీ ఇడ్లీ ముక్క కూడా గొంతుకు అడ్డం పడి కక్కేస్తుంది. చివరికి సీటీ యాంజియో తీస్తే, గుండె నుంచి వచ్చే బృహద్ధమని రెండు పాయలై శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ చుట్టేసిందని తేలింది. సర్జన్ ఆపరేషన్ అంటున్నారు. మా అత్తమ్మ ‘బరువు పెరుగుతోంది కదా, రెండేళ్లు ఆగుదాం’ అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

బాబు నాన్న, గుంటూరు:
మీ అత్తగారి మాటే నాదీ. మా బాబుకు కూడా ధమని శ్వాసనాళాన్ని నొక్కుతోందన్నారు. ఆగమన్నారు, ఆగాం. మూడేళ్లు వచ్చేసరికి శబ్దం దానంతట అదే పోయింది. చిన్నపిల్ల ఛాతీ కోయించడానికి తొందరపడకండమ్మా.

పిల్లల గుండె సర్జరీ విభాగం డాక్టర్, హైదరాబాద్:
గుంటూరు నాన్నగారు చెప్పింది నిజమే, కానీ అది వేరే జబ్బు అయి ఉండాలి. ఇన్నామినేట్ అనే ధమని శ్వాసనాళాన్ని ముందు వైపు నుంచి మాత్రమే ఒత్తుతుంది. పిల్లలు ఎదిగేకొద్దీ నాళం గట్టిపడి, చోటు పెరిగి చాలామందికి తగ్గిపోతుంది. ఊపిరి ఆగి నీలబడే పిల్లలకే ఆపరేషన్ ఆలోచిస్తాం. అందులో బృహద్ధమనిని ముందుకు లాగి రొమ్ము ఎముకకు కుడతారు.

పాపది అలా కాదు. అది చుట్టూ మూసుకుపోయిన కడియం. చేయి లావెక్కితే కడియం వదులవుతుందా? ముద్ద మింగలేకపోవడం, మొరిగే దగ్గు రెండూ ఉన్నాయంటే కడియం రెండు నాళాలనూ నొక్కుతోందని అర్థం. నా మాట స్పష్టంగా చెబుతున్నాను: ఆగొద్దు.

1945లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఇలాంటి కడియాన్ని తొలిసారి కోసి విడదీశారు. సూత్రం నేటికీ అదే. రెండు పాయల్లో చిన్నదాన్ని, ఎక్కువమందిలో ఎడమదాన్ని, కోసి రెండు చివరలూ కుట్టేస్తారు. పక్కనే ఉండే లిగమెంట్‌నూ, అంటే నారలాంటి కట్టునూ, తెంపుతారు. పక్కటెముకల మధ్య నుంచి చేస్తారు, మామూలుగా గుండెను ఆపాల్సిన పని ఉండదు. రిస్క్ లేదనను. గొంతు నరం దెబ్బతిని బొంగురు రావచ్చు, ఛాతీలో పాలలాంటి ద్రవం చేరవచ్చు.

ఆపరేషన్ చేయించిన తల్లి, విశాఖ:
అక్కా, మా వాడికి ఇదే ఆపరేషన్ అయింది. ఒక్క మాట ముందే తెలుసుకో. ఇంటికి వచ్చాక కూడా ఎనిమిది నెలలు ఆ శబ్దం పోలేదు. ఆపరేషన్ ఫెయిలైందని ఎంత ఏడ్చానో! ఇన్నాళ్లూ నలిగిన నాళం మెత్తబడి ఉంటుందని, గట్టిపడటానికి టైం పడుతుందని తర్వాత చెప్పారు. ముద్ద మాత్రం రెండో వారం నుంచే దిగింది. వాడు దోసె తిన్న రోజు మా ఇంట్లో పండగే.

బాబు నాన్న, గుంటూరు:
ఇప్పుడే రిపోర్ట్ తీసి చూశాను. ఇన్నామినేట్ అనే రాసి ఉంది. అమ్మా, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ డాక్టర్ గారూ, ఏ ఇబ్బందీ లేని పిల్లలకు కూడా కడియం ఉందని కోసేస్తారా?

డాక్టర్, హైదరాబాద్:
అసలు చర్చ అక్కడే ఉంది. గర్భంలోని స్కాన్‌లోనే కనిపిస్తున్న కేసుల్లో కొందరు పుట్టాక హాయిగా ఉంటారు. లక్షణాలు లేకున్నా చేసేయాలని కొందరు సర్జన్లు, గమనిస్తూ ఉండాలని కొందరు అంటారు. శ్వాసనాళం ఎంత నొక్కుకుపోయిందో బ్రాంకోస్కోపీలో, అంటే లోపలికి సన్నటి కెమెరా గొట్టం పంపి, చూశాకే నేను మాట్లాడతాను. పాపకు కూడా ఆపరేషన్‌కు ముందు అది చేస్తారా అని అడగండి.

పాప అమ్మ, కరీంనగర్:
సరే సార్, డేట్ అడుగుతాం. అప్పటిదాకా ముక్కులో గొట్టం వేసి పాలు పట్టించమని ఒకరన్నారు. వేయించనా?

డాక్టర్, హైదరాబాద్:
మీ సర్జన్‌ను అడగకుండా వేయించకండి. ఈ కడియం ఉన్నవాళ్లలో గొట్టం చాలాకాలం ఉంటే అన్నవాహిక, ధమని మధ్య ఒరుసుకుని రంధ్రం పడి తీవ్రంగా రక్తం పోయే ప్రమాదం ఉంది. అన్నం జారుగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పెట్టండి. మెడ వెనక్కి వాల్చి పడుకుంటే అలాగే పడుకోనివ్వండి, దానికి ఊపిరి అలా సులువుగా ఆడుతుంది. పెదవులు నీలబడితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.