నర్సరీ సైట్ ఫోన్‌లో తెరుచుకోవడం లేదు, ఏం చేయాలి?

కడియపులంక నర్సరీ:
నమస్కారమండి. నాన్నగారి హయాం నుంచి మాకు నర్సరీ ఉంది. రెండేళ్ల కిందట ఒకతని చేత సైట్ చేయించుకున్నాం. కంప్యూటర్‌లో చక్కగా ఉంటుంది, ఫోన్‌లోనే తంటా అంతా. మొన్న రావులపాలెం నుంచి ఒకాయన పాత బిల్లు మీద నంబరు వెతుక్కుని మరీ ఫోన్ చేశారు. "అక్షరాలు చీమల్లా ఉన్నాయండి, వేళ్లతో లాగి లాగి విసుగొచ్చింది" అన్నారు. మొదటి పేజీలోనే 140 మొక్కల ఫొటోలున్నాయి, అన్నీ నా ఫోన్‌తో తీసినవే. ఫోన్ల కోసం వేరే సైట్ చేయించుకోమని ఒకాయన సలహా ఇచ్చారు. అంత ఖర్చు నిజంగా అవసరమా? మాకు వచ్చే బేరాలన్నీ ఫోన్‌లో సైట్ చూసి వచ్చేవే, అందుకే టెన్షన్‌గా ఉంది.

కాకినాడ, వెబ్ పని:
వేరే సైట్ వద్దండి. గూగుల్ ఇప్పుడు ఫోన్‌లో కనిపించే పేజీనే చూసి ఇండెక్స్ చేస్తుంది, అంటే తన సెర్చ్ జాబితాలో చేర్చుకుంటుంది. ఫోన్ సైట్‌లో సగం మొక్కలు తగ్గించారనుకోండి, ఆ సగం సెర్చ్‌లోనూ దొరకవు.

మీ పేజీ కోడ్ చూశాను. పేజీని ఫోన్ స్క్రీన్ వెడల్పుకి సరిపెట్టమని చెప్పే వ్యూపోర్ట్ లైను పైన లేదు. అది లేకపోతే ఫోన్ మీ పేజీని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పు ఉన్నదనుకుని, మొత్తం కుదించి చూపిస్తుంది. చీమల అక్షరాలు అందుకే. ఆ లైను పెట్టాక మీ ధరల పట్టిక స్క్రీన్ దాటి పక్కకు పోతుంది, కంగారు పడకండి. దాని వెడల్పు 1000 పిక్సెళ్లని రాసేశారు, అది మార్చాలి.

అసలు బరువు ఫొటోలదే. మీ కాగితంపూల ఫొటో ఒక్కటే 4.6 ఎంబీ, 4000 పిక్సెళ్లు. ఫోన్‌లో అది కనిపించేది అరచేతిలో సగం. 800 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లో సేవ్ చేస్తే సుమారు 100 కేబీకి వస్తుంది. కింది ఫొటోలకు లేజీ లోడింగ్ పెట్టండి, అంటే అక్కడి దాకా జరిపినప్పుడే అవి లోడ్ అవుతాయి, పైన కనిపించే మొదటి ఫొటోకి మాత్రం వద్దు, అది ఇంకా ఆలస్యమవుతుంది. ప్రతి ఫొటోకి ఎత్తు, వెడల్పు కోడ్‌లో రాయండి, లేకపోతే చదువుతుండగా పేజీ ఎగిరిపడుతుంది.

ఆత్రేయపురం, పూతరేకుల కొట్టు:
మాకూ ఇదే అయిందండి. మీ నంబరు బ్యానర్ బొమ్మలో కలిసిపోయి ఉంది, నొక్కితే కాల్ వెళ్లదు. పాపం ఆ రావులపాలెం ఆయన బిల్లు వెతుక్కున్నది అందుకే అయ్యుంటుంది. నంబరును అక్షరాలుగా రాయించి కాల్ లింకు పెట్టించండి. ఆర్డర్ ఫారంలో గడుల అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్‌లో నొక్కగానే పేజీ జూమ్ అవుతుంది, అదీ చూసుకోండి.

కడియపులంక నర్సరీ:
రెండు రాత్రులు కూర్చుని 140 ఫొటోలూ తగ్గించాను. మా మేస్త్రీ దగ్గర పాత ఫోన్ ఒకటుంది, అద్దం మూల పగిలింది. దాన్ని పట్టుకుని షేడ్ నెట్ కింద, సిగ్నల్ సరిగ్గా అందని చోట నిలబడి చూశాను. ఇంతకుముందు సగం తెరుచుకుని ఆగిపోయేది, ఇప్పుడు మొదటి ఫొటో మూడు సెకన్లలో వచ్చేస్తోంది! గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ పరీక్షలో 2.5 సెకన్లలోపు ఉంటేనే బాగున్నట్టు, ఇంకాస్త తగ్గించాలి. నంబరు నొక్కితే కాల్ వెళ్తోంది, మేస్త్రీ నాకే చేసి చూశాడు.

ధరల పట్టిక మాత్రం ఇంకా పక్కకు పోతూనే ఉంది. మొక్క పేరు, కవరు సైజు, ఎత్తు, ధర, మొత్తం నాలుగు గళ్లు. ఫోన్‌లో ఒక్కో మొక్కనీ విడిగా, ఒకదాని కింద ఒకటి చూపించమంటారా?

కాకినాడ, వెబ్ పని:
అలాగే చేయండి. పేరు, ధర పెద్ద అక్షరాల్లో పైన. కవరు సైజు, ఎత్తు వాటి కింద చిన్నగా.