బొబ్బిలి నుంచి చేసే ఐపీ ఫోన్ కాల్ సరిగ్గా 32 సెకన్లకే తెగిపోతోంది

విజయనగరం ఆఫీసులో ఉబుంటు సర్వర్ 22.04 మీద ఆస్టరిస్క్ (ఐపీ ఫోన్ కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది, స్టాటిక్ పబ్లిక్ ఐపీ ఉంది. బొబ్బిలి బ్రాంచిలో పాత డెస్క్ ఫోన్, ఫైబర్ మోడెమ్ వెనకాల. అక్కణ్ణుంచి కాల్ చేస్తే రెండు వైపులా మాట శుభ్రంగా వినిపిస్తుంది, 32వ సెకనుకి కట్. విజయనగరం ఆఫీసు లోపలి ఫోన్ల మధ్య ఈ గొడవ లేదు.

సర్వర్‌లో ఎస్‌ఎన్‌గ్రెప్ (కాల్ కలిపే సిప్ సందేశాలు చూపించే టూల్) పెట్టి చూశాను. కాల్ ఎత్తినట్టు చెప్పే 200 ఓకే ఫోన్‌కి వెళ్తోంది, అది అందిందని ఫోన్ నుంచి రావలసిన ఏసీకే రావడం లేదు. అర సెకను, ఒకటి, రెండు, ఆపైన నాలుగేసి సెకన్లకు అదే 200 ఓకే మళ్లీ మళ్లీ వెళ్తుంది. చివరికి సర్వరే బై (కాల్ ముగించే సందేశం) పంపేస్తోంది.

ఆస్టరిస్క్ సెట్టింగుల్లో ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్, మీడియా అడ్రస్, లోకల్ నెట్ మూడూ ఇచ్చాను. ట్రాన్స్‌పోర్ట్ మార్పులు రీలోడ్‌తో పట్టవు కాబట్టి పూర్తిగా రీస్టార్ట్ చేశాను. విజయనగరం రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (సిప్ సందేశాల్లోని అడ్రసులు, పోర్టులు రౌటర్ తనే మార్చే ఫీచర్) ఆపాను, మాట మోసే ఆర్‌టీపీకి 10000 నుంచి 20000 వరకు యూడీపీ పోర్టులు తెరిచాను. సిప్‌కి మామూలుగా వాడే పోర్టు 5060 బదులు 5080 కూడా వాడి చూశాను. ఫలితం అదే.

అదే ఫోన్‌ని మొబైల్ హాట్‌స్పాట్ మీద పెడితే గంటసేపైనా తెగదు. ఫోన్‌లో క్యాప్చర్ తీస్తే, సర్వర్ పంపిన కాంటాక్ట్ లైన్‌లో (ఏసీకే ఎక్కడికి పంపాలో చెప్పే లైన్) 5080 ఉన్న చోట వేరే పోర్టు నంబరు కనబడింది. అంటే బొబ్బిలి మోడెమే దాన్ని దారిలో తిరగరాస్తోంది. అందులో ఏఎల్‌జీ ఆపే ఆప్షనే లేదు. మోడెమ్‌ని కేవలం లైన్ అందించేలా చేసే బ్రిడ్జ్ మోడ్‌కి కావలసిన పీపీపీఓఈ (ఇంటర్నెట్ లాగిన్) పాస్‌వర్డ్ నెట్ కంపెనీ ఇవ్వలేదు. ఫోన్‌కి యూడీపీ తప్ప, సందేశాల్ని ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్‌ఎస్ రాదు.

ఫోన్, మోడెమ్ రెండూ మార్చకుండా ఈ ఏఎల్‌జీని తప్పించుకోవడానికి బొబ్బిలి వైపు ఏం పెట్టాలి?