సీజన్ టికెట్లు ఉంచుకోవాలా, వదిలేయాలా? 9 ఎస్ఈసీ గేమ్‌లు, పెరిగిన రేట్లు

శనివారం_నాన్న:

అందరికీ నమస్తే. మనవాళ్లలో కాలేజ్ ఫుట్‌బాల్ చూసేవాళ్లు (అమెరికన్ ఫుట్‌బాల్ గురించే) ఇక్కడ బాగానే ఉన్నారు కదా, అందుకే అడుగుతున్నా. నేను ఎమ్మెస్ చదివిన స్కూల్ ఎస్ఈసీలో (దక్షిణాది యూనివర్సిటీల కాన్ఫరెన్స్, అంటే తమలో తాము ఆడుకునే స్కూళ్ల గ్రూపు) ఉంది, పేరు వద్దులెండి. పదకొండేళ్లుగా మా ఇంట్లో నాలుగు సీజన్ టికెట్లు ఉన్నాయి. మొదట్లో సీటుకి 400 చిల్లర, దానిమీద డొనేషన్ వంద కట్టేవాణ్ని. ఇప్పుడు సీటు 700 దాటింది, ఆ సీటు మనకు ఉండాలంటే కట్టాల్సిన డొనేషన్ 500 అయింది. నాలుగు సీట్లకు 4,800 డాలర్లు. పార్కింగ్ వేరు, పెట్రోలు వేరు, స్టేడియంలో పిల్లలకు కొనిపెట్టేది వేరు.

డబ్బు ఒక్కటే అయితే సర్దుకునేవాణ్నే. బాధ ఏంటంటే, ఆ డబ్బుకి ఏం చూస్తున్నాం అనేది. పోయిన సెప్టెంబర్‌లో కింది డివిజన్ టీమ్‌తో గేమ్, ఉదయం 11కి కిక్ఆఫ్. మాకు మూడు గంటల డ్రైవ్, చీకటితోనే లేచి పులిహోర డబ్బాలు కూలర్లో సర్దుకుని బయల్దేరాం. అల్యూమినియం బెంచీలు ఎంత కాలిపోతున్నాయంటే మా చిన్నాడు కూర్చోలేక తువ్వాలు మడతపెట్టి వేసుకున్నాడు. రెండు ప్లేలు ఆడతారు, టీవీ బ్రేక్. ఒకాయన టైమర్ పట్టుకుని గ్రౌండ్ అంచున నిలబడతాడు, ఆయన పక్కకి తప్పుకునేదాకా ఇరవై రెండు మందీ చేతులు నడుముకి పెట్టుకుని నిలబడాల్సిందే. అప్పుడు వాడు అడిగాడు, "నాన్నా, వీళ్లు ఎవరి కోసం ఆగారు?" అని. టీవీ వాళ్ల కోసం అన్నాను. "మరి మనం?" అన్నాడు. మూడో క్వార్టర్‌కి స్కోరు ఎటో వెళ్లిపోయింది, స్టూడెంట్ల సెక్షన్ సగం ఖాళీ.

2026 నుంచి ఎస్ఈసీలో 9 కాన్ఫరెన్స్ గేమ్‌లు కదా, ఈ ఏడు వాటిలో నాలుగే మాకు హోమ్. గేమ్‌లు మంచివి పడుతున్నాయి కాబట్టి ఉంచమని మా ఆవిడ, వదిలేయమని నా మనసు. కట్టడానికి వచ్చే శుక్రవారమే ఆఖరు. మీలో ఎవరైనా ఇలా వదిలేశారా? తర్వాత బాధపడ్డారా?

బ్రజోస్_తీరం:

అన్నా, వదలొద్దు. ఇన్నేళ్లు ఓపిక పట్టి సరిగ్గా మంచి రోజులు వచ్చేటప్పుడు వదిలేస్తారా?

నేను టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో చదివాను. 2011 నవంబర్‌లో మా స్కూల్‌కీ టెక్సాస్ యూనివర్సిటీకీ జరిగిన గేమ్ చివరి సెకన్లలో ఫీల్డ్ గోల్‌తో 27-25కి పోయింది. ఆ తర్వాత మేము ఎస్ఈసీకి వెళ్లిపోయాం, వాళ్లు మా పాత కాన్ఫరెన్స్ బిగ్ 12లో ఉండిపోయారు, పదమూడేళ్లపాటు ఆ గేమే లేదు. నేను చేరి, చదివి, ఉద్యోగంలో స్థిరపడేదాకా మా స్కూల్‌కి అతిపెద్ద ప్రత్యర్థితో ఆట చూడనే లేదు, ఆలోచించండి. 2024లో టెక్సాస్, ఓక్లహోమా ఎస్ఈసీకి వచ్చాకే మళ్లీ మొదలైంది. ఆ నవంబర్ 30న మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో నేను ఉన్నాను. దాని కెపాసిటీయే 1,02,733, ఆ రాత్రి అంతకన్నా ఎక్కువే వచ్చారు. మేమంతా ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఊగుతుంటే పైడెక్ కాంక్రీటు కాళ్ల కింద కదులుతున్నట్టు తెలుస్తుంది. 17-7తో ఓడిపోయాం. అయినా ఆ రాత్రిని దేనికీ మార్చుకోను.

తొమ్మిది గేమ్‌ల పద్ధతిని తిట్టేముందు ఒకసారి చూడండి. ఎస్ఈసీలో ఈస్ట్, వెస్ట్ డివిజన్లు ఉన్నప్పుడు అవతలి డివిజన్ టీమ్ మన స్టేడియానికి పన్నెండేళ్లకి ఒకసారి వచ్చేది. డివిజన్లు 2024లో తీసేశారు. ఇప్పుడు ఒక్కో టీమ్‌కి ప్రతి ఏడూ ఆడే ప్రత్యర్థులు ముగ్గురు, మిగతా పన్నెండు మందిలో ఏడాదికి ఆరుగురు. అంటే రెండేళ్లలో అందరితో ఆడతారు, నాలుగేళ్లలో అందరూ మీ ఇంటికి వస్తారు. చదువుకునే పిల్లాడు డిగ్రీ అయ్యేలోపు కాన్ఫరెన్స్‌లో ప్రతి టీమ్‌నీ సొంత గ్రౌండ్‌లో చూస్తాడు. ఇంతకన్నా న్యాయమైన షెడ్యూల్ ఏముంటుంది? పైగా పెద్ద కాన్ఫరెన్స్‌ల నుంచి ఇంకో టీమ్‌తో ప్రతి ఏడూ ఆడాలనే నియమం కూడా పెట్టారు. మీరు చెప్పిన ఆ ఎండలో కింది డివిజన్ గేమ్‌లే తగ్గుతాయి.

లెక్కల_మాస్టారు:

బ్రజోస్ గారు షెడ్యూల్ గురించి చెప్పింది నిజమే, కానీ ఆయన డబ్బు ఊసు ఎత్తలేదు. నేను ఎత్తుతాను.

ముందు డొనేషన్. 2017 దాకా సీటు కోసం కట్టే ఆ డొనేషన్‌లో 80 శాతం మీద పన్ను మినహాయింపు ఉండేది, 2018 నుంచి తీసేశారు. పన్ను తిరిగొస్తుందిలే అని కట్టినవాళ్లకి అప్పటినుంచి మొత్తం జేబులోంచే. రెండోది, 2025 జూన్‌లో కోర్టు ఒప్పందం ఖరారయ్యాక స్కూళ్లు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి పరిమితి 20.5 మిలియన్ డాలర్లు. ఆటగాళ్లకు ఇవ్వాలి, అందులో నాకు రెండో మాట లేదు, ఇన్నాళ్లూ వాళ్ల ఒళ్లు హూనమవుతుంటే మిగతావాళ్లంతా సంపాదించుకున్నారు. కానీ ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలి అనేసరికి ముందు చేయి మన జేబులోకే వస్తోంది. టెనెసీ అయితే టికెట్ మీద 10 శాతం టాలెంట్ ఫీజు అని పేరు పెట్టి మరీ వేసింది, మామూలు పెంపు దానికి అదనం. టీవీ వాళ్లు ఇచ్చే కోట్లు ఉన్నాయి కదా, కోచ్‌ని మధ్యలో తీసేసి కూర్చోబెట్టి ఇచ్చే కోట్లు ఉన్నాయి కదా, ముందు అక్కడ చూడండి.

ఇక మీ ప్రశ్నకి. సీజన్ టికెట్ అంటే ఏడు గేమ్‌ల మూట. అందులో అందరూ ఎగబడేవి రెండు, పర్లేదనిపించేవి రెండు, మిగతావి ఎవరికీ అక్కర్లేదు. అక్కర్లేని గేమ్‌ల టికెట్లు రీసేల్‌లో ఆ రోజు పొద్దున పార్కింగ్ కన్నా తక్కువకి దొరుకుతాయి, నేను రెండేళ్లుగా అలాగే వెళ్తున్నా. పెద్ద గేమ్ ఒకటి రీసేల్‌లో ఎక్కువ పెట్టి కొన్నా, నలుగురికీ కలిపి మీరు కట్టే దాంట్లో సగం కూడా కాదు. స్టేడియం వాళ్లు మైకులో చెప్పే హాజరు అంకె కూడా నమ్మకండి. చాలాచోట్ల అది అమ్మిన టికెట్ల లెక్క, గేటు దగ్గర స్కాన్ అయిన మనుషుల లెక్క కాదు. మీరు డబ్బు కట్టి ఇంట్లో కూర్చున్నా వాళ్ల లెక్కలో మీరు వచ్చినట్టే.

నెల్లూరు_టు_నార్మన్:

అందరూ ఎస్ఈసీ ఎంత బాగుందో చెప్తున్నారు, నా కడుపుమంట కూడా వినండి.

మాది ఓక్లహోమా. మేమూ, ఓక్లహోమా స్టేట్ వాళ్లూ 1910 నుంచి ప్రతి ఏడూ ఆడుకున్నాం, బెడ్లమ్ అంటారు దాన్ని. ప్రపంచ యుద్ధాలప్పుడు కూడా ఆపలేదు. 2023 నవంబర్‌తో ఆగిపోయింది. వాళ్లే 27-24తో గెలిచి వెళ్లారు, ఆ ఓటమి తీర్చుకునే అవకాశం ఇప్పట్లో కనబడటం లేదు. నా రూమ్మేట్ స్టిల్‌వాటర్‌లో (ఓక్లహోమా స్టేట్ ఉన్న ఊరు) పీహెచ్‌డీ చేసి ఇప్పుడు మా వీధిలోనే ఉంటాడు. ఏటా ఆ వారం ఓడినవాళ్లు గెలిచినవాళ్లింట్లో బిర్యానీ వండాలని పందెం, మా ఆడవాళ్లు కూడా అందులో పడిపోయేవాళ్లు. రెండేళ్లుగా ఆ వారం మామూలు వారం అయిపోయింది. కారులో గంటంపావు దూరంలో ఉన్న టీమ్‌తో ఆట మానేసి, విమానం ఎక్కి వెళ్లాల్సిన టీమ్‌తో కాన్ఫరెన్స్ గేమ్ ఆడటం ఏంటసలు?

ఏ అండ్ ఎమ్ వాళ్లకి పదమూడేళ్లు ఎలా ఉందో ఇప్పుడు మాకు అర్థమవుతోంది బ్రో. మీది మీకు తిరిగొచ్చింది, సంతోషం. మేము ఎస్ఈసీకి వచ్చిన అదే మార్పుతో మాది పోయింది. కొత్త పద్ధతిలో కూడా అంతే, ఎల్ఎస్‌యూకి (లూసియానా స్టేట్) ఇచ్చిన ముగ్గురు శాశ్వత ప్రత్యర్థుల్లో అలబామా లేదు. ఆ రెండు టీమ్‌ల గేమ్ కోసం నవంబర్‌లో సెలవులు పెట్టుకునేవాళ్లు నాకు తెలుసు. ఇక నుంచి ఏడాది విడిచి ఏడాది.

అవతలి కోస్తా వాళ్లతో కాన్ఫరెన్స్ కలిపినవాళ్ల సంగతీ చూడండి. లాస్ ఏంజెలెస్‌లో ఉన్న యూసీఎల్‌ఏ, న్యూజెర్సీలో ఉన్న రట్గర్స్ ఇప్పుడు ఒకే కాన్ఫరెన్స్. ఫుట్‌బాల్ వాళ్లు ఏడాదికి నాలుగైదుసార్లు ఎగురుతారు, సరే. వాలీబాల్ ఆడే అమ్మాయిలు, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు క్లాసులు మానుకుని మూడు టైమ్ జోన్లు దాటాలి. వాళ్ల అమ్మానాన్నలు ఒక్క గేమ్ చూడాలన్నా విమానం టికెట్టే.

మంగళవారం_గేమ్:

పెద్ద స్కూళ్లవాళ్లు శనివారం ఏ టైమ్ అని కొట్టుకుంటున్నారు. మాకు శనివారమే లేదు.

మాది ఈమధ్యే ఎఫ్‌సీఎస్ (కింది డివిజన్) నుంచి ఎఫ్‌బీఎస్‌కి (పై డివిజన్) వచ్చి, కాన్ఫరెన్స్ యూఎస్ఏ అనే గ్రూపులో చేరిన చిన్న స్కూల్. 2023 నుంచి ఈ కాన్ఫరెన్స్‌లో అక్టోబర్ వచ్చిందంటే గేమ్‌లు మంగళవారం, బుధవారం, గురువారం. ఆ రోజుల్లో టీవీలో వేరే కాలేజీ గేమ్‌లు పెద్దగా ఉండవు కాబట్టి మమ్మల్ని వేస్తారు. దేశమంతా చూస్తుంది, మా ఊరివాళ్లు మాత్రం రాలేరు. ఆఫీసు అయిపోయి ట్రాఫిక్‌లో రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చేసరికి మొదటి క్వార్టర్ అయిపోతుంది, తిరిగి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి, మర్నాడు పిల్లలకు స్కూలు. కింది డివిజన్‌లో ఉన్నప్పుడు శనివారం మధ్యాహ్నం ఊరంతా వచ్చేది. ప్లేఆఫ్‌లో ఆడేవాళ్లం, గెలిచేవాళ్లం కూడా.

అయితే ఎందుకు పైకి వచ్చారు అంటారా? టీవీ డబ్బు, పేరు, పెద్ద స్కూళ్లకు వెళ్లి ఆడితే వచ్చే గ్యారంటీ డబ్బు. ముందు ఎఫ్‌బీఎస్‌లో ఉండాలంటే సగటు హాజరు 15,000 ఉండాలనే నిబంధన కూడా ఉండేది, 2023లో అది తీసేసి, పైకి వచ్చే ఫీజుని 5,000 డాలర్ల నుంచి ఏకంగా 50 లక్షల డాలర్లు చేశారు. అంటే జనం రాకపోయినా పర్లేదు, డబ్బు ఉంటే చాలు అన్నట్టే కదా.

శనివారం_నాన్న గారూ, మీరు ఎండలో చూసిన ఆ కింది డివిజన్ గేమ్‌ని మాత్రం చిన్నచూపు చూడకండి. 2022లో కైల్ ఫీల్డ్‌కి వచ్చి అపలాచియన్ స్టేట్ 17-14తో గెలిచి, 15 లక్షల డాలర్లు కూడా తీసుకుని వెళ్లింది (బ్రజోస్ గారు ఏమనుకోకండి). అదే స్కూల్ 2007లో ఎఫ్‌సీఎస్‌లో ఉండి మిషిగన్‌ని వాళ్ల గడ్డ మీదే ఓడించింది. ఆ ఒక్క చెక్కుతో చిన్న స్కూళ్లలో ఈత, పరుగు పందాల టీమ్‌లు బతుకుతాయి. తొమ్మిది గేమ్‌ల వల్ల అలాంటి చెక్కులు తగ్గుతాయి.

ప్లేనో_అక్క:

మా యూటీ డల్లాస్‌లో అసలు ఫుట్‌బాల్ టీమే లేదు. అయినా రాస్తున్నా, ఎందుకంటే మేమూ డివిజన్ మారాం. మనవాళ్లు వేలల్లో చదివే స్కూల్ అది, అందులో ఎంతమందికి ఈ సంగతి తెలుసో. ఇన్నాళ్లూ డివిజన్ 3, అంటే ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, చదువుకుంటూ ఇష్టం కొద్దీ ఆడటమే. 2025 నుంచి డివిజన్ 2, లోన్ స్టార్ కాన్ఫరెన్స్. నేను బాస్కెట్‌బాల్‌కి మా అమ్మాయిని తీసుకెళ్తాను. కోర్టుకి ఎంత దగ్గరగా కూర్చుంటామంటే బూట్లు కీచుమనడం, కోచ్ తిట్టడం అన్నీ వినిపిస్తాయి. గేమ్ అయ్యాక ఒక ప్లేయర్ వచ్చి మా అమ్మాయికి చేతిలో చేయి కొట్టి వెళ్లింది, అది మూడు రోజులు ఆ చెయ్యి చూసుకుంటూనే ఉంది.

తమ్ముడూ, పిల్లాడికి ఆట ఇష్టమైతే ఇలాంటి చోటికి కూడా తీసుకెళ్లు. లక్షమంది స్టేడియంలో పైన కూర్చుంటే వాడికి కనబడేది స్క్రీనే.

శనివారం_నాన్న:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారి లెక్క నిన్న రాత్రి కూర్చుని వేసి చూశాం, ఆయన చెప్పిందే నిజం. మా ఆవిడ కూడా ఒప్పుకుంది, కానీ ఒక మాట అంది. మా వెనక వరుసలో ఒక పెద్దాయన ఉంటారు, మా పెద్దాడు ఉయ్యాలలో ఉన్నప్పటినుంచి చూస్తున్నారు, వాడికి ఫస్ట్ డౌన్ అంటే ఏంటో నేర్పింది ఆయనే. రీసేల్‌లో కొంటే ప్రతిసారీ కొత్త మనుషుల మధ్య కూర్చోవాలి. ఆ సంగతి నేను లెక్కలో వేయలేదు.

అందుకని రెండు సీట్లు వదిలేసి రెండు ఉంచుతున్నాం. పెద్ద గేమ్‌లకి ఒకసారి నేనూ పెద్దాడూ, ఒకసారి ఆవిడా చిన్నాడూ. సెప్టెంబర్ 11 గంటల గేమ్ ఏదన్నా పడితే ఎవరికైనా ఇచ్చేస్తాను, కావాల్సినవాళ్లు ఇక్కడే అడగండి, ఊరికే ఇస్తాను. తువ్వాలు మాత్రం మీరే తెచ్చుకోండి, ఆ బెంచీ మీద నిజంగా కూర్చోలేరు.

ప్లేనో అక్కా, ఈ నెలలో హోమ్ గేమ్ ఎప్పుడుందో చెప్పండి. మీ ఊళ్లో మా బావమరిది ఉన్నాడు, పిల్లల్ని తీసుకుని వస్తాం.